రాని రోజు ఎవరు అడిగారు?

(మేధో వైకల్యం ఉన్న పిల్లలను సమాజంలో కలుపుకోవడంపై ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, స్వచ్ఛంద కార్యకర్తలు పాల్గొన్న సభలో ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న అందరికీ నమస్కారం.

ముందుగా ఒక హాజరు పట్టీ గురించి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందటి సంగతి. ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా నేను అప్పుడప్పుడే పనిలో కుదురుకుంటున్నాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న పదకొండేళ్ల అబ్బాయిని మామూలు బడిలో, మామూలు తరగతిలో చేర్పించాలని ఆరు నెలలు తిరిగాను. చివరికి ఒక బడివాళ్లు ఒప్పుకున్నారు. మొదటి రోజు వాడు మూడో వరుసలో అందరితో పాటు కూర్చోవడం చూసి వాళ్ల అమ్మకూ నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఇక గెలిచామనుకున్నాం.

ఆ ఏడాదంతా వాడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పుస్తకం తీయమంటే నేనే తీసిచ్చాను. ఉపాధ్యాయుడు ప్రశ్న వేస్తే జవాబు వాడి చెవిలో చెప్పాను. విరామంలో చెయ్యి పట్టుకుని నేనే తిప్పాను. ఏడాది చివర్లో వాడికి జ్వరం వచ్చి తొమ్మిది రోజులు బడికి రాలేదు. అక్కడ నాకు మరో ఇద్దరు పిల్లల బాధ్యత ఉండటంతో నేను మాత్రం రోజూ వెళ్లాను. ఆ తొమ్మిది రోజుల్లో తరగతిలోని ముప్ఫైమందిలో ఒక్కరైనా నా దగ్గరకు వచ్చి “వాడేడి టీచర్?” అని అడగలేదు. పట్టీలో తొమ్మిది గళ్లు నిండాయి, అంతే.

వాళ్లు చెడ్డపిల్లలు కారు. వాడిని ఎవరూ ఏడిపించలేదు, ఎవరూ కొట్టలేదు. పెన్సిల్ కింద పడితే తీసిచ్చేవారు. కానీ వాడు ఉన్నా లేకపోయినా వాళ్ల రోజు ఒకేలా గడిచింది. ఆనాటి నుంచి నా దగ్గర ఒకే కొలబద్ద ఉంది. ఏ బడికి వెళ్లినా, ఏ సంస్థకు వెళ్లినా ఎంతమందిని చేర్చుకున్నారని అడగను. ఈ బిడ్డ రాని రోజు ఎవరికి వెలితిగా ఉందని అడుగుతాను.

ముందుకు వెళ్లే ముందు ఒక విషయం తేల్చుకుందాం. మేధో వైకల్యం మానసిక వ్యాధి కాదు. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం వల్ల కుటుంబాలకు జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. తెలివితేటల కొలతైన ఐక్యూ సుమారు 70 లోపు ఉన్నంత మాత్రాన ఆ పేరు పెట్టకూడదు. మాట, లెక్క, డబ్బు వాడకం, నలుగురితో మెలగడం, తన పనులు తాను చేసుకోవడం వంటి రోజువారీ నేర్పుల్లోనూ గణనీయమైన వెనుకబాటు కనిపించాలి. అది ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే మేధో వైకల్యం అంటారు. జనాభాలో సుమారు నూటికి ఒకరికి ఇది ఉంటుంది. వారిలో అత్యధికులది స్వల్ప స్థాయి. కొంచెం ఎక్కువ సమయం, కొంచెం తేలిక మాటలు దొరికితే చదవడం, బస్సెక్కడం, ఉద్యోగం చేయడం నేర్చుకోగలవారే వీరంతా. కారణాలు చాలా ఉన్నాయి: క్రోమోజోముల్లో తేడా, కాన్పు సమయంలో ప్రాణవాయువు అందకపోవడం, గర్భంలో తీవ్రమైన అయోడిన్ లోపం, మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్. ఎంతోమందిలో కారణం తెలియనే తెలియదు. తల్లి చేసిన తప్పేమిటని ఆరా తీసే బంధువులు ఎదురైతే ఈ మాట గట్టిగా చెప్పండి.

మళ్లీ నా కుర్చీ దగ్గరకు వస్తాను. అమెరికాలో మైఖేల్ జియాన్‌గ్రెకో అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి మామూలు తరగతుల్లో వైకల్యం ఉన్న పిల్లలను, వారి పక్కన కూర్చునే సహాయకులను దగ్గరగా పరిశీలించి 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్దవాళ్లు నిరంతరం పక్కనే ఉంటే ఆ బిడ్డ తోటివారికి దూరమవుతాడని, పెద్దలమీద ఆధారపడటం పెరుగుతుందని, తరగతి ఉపాధ్యాయుడు కూడా ఈ బిడ్డ నా బాధ్యత కాదన్నట్టు తప్పుకుంటాడని వారు గమనించారు. అది చదివినప్పుడు నా గురించే రాసినట్టు అనిపించింది. వాడికీ ఆ ముప్ఫైమందికీ మధ్య ఉన్న గోడను నేనే. ప్రేమతో కట్టిన గోడ కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

మరుసటి ఏడాది నా కుర్చీని తరగతి వెనక్కి మార్చాను. అప్పుడే బడి గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చాయి. వాటికి వరుస సంఖ్యలు వేయాలి, ముద్ర కొట్టాలి, అలమారలో సర్దాలి. తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. చేతిరాత ముత్యాల్లా ఉండేది గానీ ఏ వస్తువునూ పెట్టిన చోట ఉంచేది కాదు. మా అబ్బాయికి రాయడం రాదు. వరుసగా సర్దడంలో మాత్రం వాడిని మించినవాళ్లు లేరు. ఒక్క పుస్తకం తలకిందులుగా ఉన్నా ఊరుకునేవాడు కాదు. ఇద్దరికీ కలిపి ఆ పని అప్పగించాం. మొదటి రెండు రోజులు ఆ అమ్మాయే అంతా చేసేసింది. మూడో రోజు ముద్రను వాడి చేతికిచ్చి, సంఖ్య రాసే కలాన్ని ఆ అమ్మాయి చేతికిచ్చి, నేను గది బయటకు వచ్చేశాను. బయట నిలబడటం ఎంత కష్టమైందో చెప్పలేను. లోపల ఏదో పడిన చప్పుడైంది. వెళ్లలేదు. తర్వాత ఇద్దరి నవ్వు వినిపించింది.

రెండు వారాలు గడిచాక వాడు ఒకరోజు రాలేదు. మొదటి గంట కాకముందే ఆ అమ్మాయి నా ముందు నిలబడింది. “టీచర్, వాడు రాలేదు. ముద్ర ఎవరు వేస్తారు?”

ఆ ప్రశ్నలో జాలి లేదు, పెద్దమనసు లేదు, అవసరం ఉంది. స్నేహం ఆ అవసరం నీడన నెమ్మదిగా పెరిగింది.

నేను భాగస్వామ్యం అంటున్నది దీనినే. సహాయంలో ఒకరి చెయ్యి ఎప్పుడూ పైన, మరొకరి చెయ్యి ఎప్పుడూ కింద ఉంటాయి. భాగస్వామ్యంలో పని ఇద్దరి మధ్యా ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి పునాది చెప్పారు. వేర్వేరు వర్గాల మనుషులను ఒకచోట చేర్చినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు అన్నారు. ఆ కలయికలో ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, పోటీ బదులు సహకారం ఉండాలి, పైనున్న అధికారులు దానిని మనస్ఫూర్తిగా బలపరచాలి. నా మొదటి ఏడాదిలో వీటిలో ఒక్కటీ లేదు. గ్రంథాలయం గదిలో నాలుగూ ఉన్నాయి. నాకు అప్పుడు ఆల్‌పోర్ట్ పేరు కూడా తెలియదు. తెలిసి ఉంటే ఒక బిడ్డకు ఒక ఏడాది మిగిలేది.

ఆటల నుంచి నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. మేధో వైకల్యం ఉన్నవారి క్రీడోత్సవమైన స్పెషల్ ఒలింపిక్స్‌ను అమెరికాలో స్థాపించినామె యూనిస్ కెనెడీ శ్రైవర్. ఆమె అక్క రోజ్‌మేరీకి మేధో వైకల్యం ఉండేది. 1941లో, ఇరవై మూడేళ్ల వయసులో, రోజ్‌మేరీ మెదడుకు చేసిన శస్త్రచికిత్స వికటించింది. ఆమె సరిగా నడవలేక, మాట్లాడలేక జీవితంలో మిగిలిన కాలమంతా సంరక్షణ సంస్థల్లోనే గడిపింది. ఆ గాయాన్ని మోసిన చెల్లెలు 1962లో మేరీలాండ్‌లోని తన ఇంటి ఆవరణలో మేధో వైకల్యం ఉన్న పిల్లలకు వేసవి శిబిరం పెట్టింది. హైస్కూలు, కళాశాల విద్యార్థులను పిలిచి ఆ పిల్లలకు ఆటల్లో తోడుగా పెట్టింది. ఈ పిల్లలకు ఆటలేమిటి, ఈతేమిటి అని నిపుణులే అనుకున్న కాలం అది. ఆ ఆవరణలో మొదలైన పని 1968 జూలై 20న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్‌గా మారింది.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది తర్వాత వచ్చిన యూనిఫైడ్ స్పోర్ట్స్. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులు, లేనివారు ఒకే జట్టులో ఆడతారు. లేనివారిని అక్కడ పార్ట్‌నర్లు అంటారు. బాస్కెట్‌బాల్‌లో మైదానంలో ఉండే ఐదుగురిలో ముగ్గురు క్రీడాకారులు, ఇద్దరు పార్ట్‌నర్లు. వయసు, ఆటలో నేర్పు దగ్గర దగ్గరగా ఉండేలా జట్టును కూర్చుతారు. పార్ట్‌నర్ ఎంత బాగా ఆడగలిగినా ఆటంతా తానే నడిపించడం ఆ ఆట స్ఫూర్తికి విరుద్ధం, నియమాలకూ విరుద్ధం. ప్రతి ఒక్కరికీ ఆటలో అర్థవంతమైన పాత్ర ఉండాలన్నది అక్కడి మూలసూత్రం. ఈ నియమాన్ని రాసినవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మనం మంచితనంతో చేసే తప్పును వారు ముందే పసిగట్టారు. బంతి ఎప్పుడూ మన చేతిలోనే ఉంటే పక్కవాడు జట్టులో ఉన్నా లేనట్టే.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పాలి. పై తరగతులకు వెళ్లాక మామూలు పిల్లలు ఒక్కొక్కరే “మీరు” అవుతారు. మేధో వైకల్యం ఉన్న మనిషి మాత్రం ముప్ఫై ఏళ్లు వచ్చినా, నలభై వచ్చినా “బాబు”గా, “పాప”గా, “వాడు”గానే మిగిలిపోతాడు. ఆయనకు గడ్డం నెరుస్తుంది, మన సర్వనామం మారదు. ఇందాకటి నుంచి నేను వాడు అన్నది పదకొండేళ్ల అబ్బాయిని. ఇప్పుడు ఆయనకు ముప్ఫై ఒకటి. ఎదురైతే నేను “ఎలా ఉన్నారు?” అని అడుగుతాను. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూశారు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

చట్టాల గురించి ఎక్కువసేపు చెప్పను. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాలు సమావేశమై పిల్లలందరికీ ఒకే బడి అన్న విధానాన్ని ప్రకటించాయి. 2006లో ఐక్యరాజ్య సమితి వైకల్యం ఉన్నవారి హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. అందులో 24వ అధికరణం విద్య గురించి. కాగితం మీద ఉండాల్సింది చాలావరకు ఉంది. నేను ఆగి చెప్పాలనుకునేది ఇటలీ గురించి. 1977లో అక్కడ 517వ నంబరు చట్టంతో ప్రత్యేక తరగతులను రద్దు చేసి వైకల్యం ఉన్న పిల్లలను మామూలు తరగతుల్లోకి తెచ్చారు. ఆ తరగతిలో ఇరవైమందికి మించి పిల్లలు ఉండకూడదన్నారు. సహాయక ఉపాధ్యాయులను ఇచ్చారు. ఆ సహాయక ఉపాధ్యాయుడు ఒక్క బిడ్డకు కాపలా కాదు. తరగతి మొత్తానికి రెండో ఉపాధ్యాయుడు. నా కుర్చీ ఎక్కడ ఉండాలో ఒక దేశం అంత ముందే చట్టంలో రాసుకుంది. ఇటలీలోనూ కష్టాలు లేవని కాదు. కానీ దిక్కు సరైనది.

మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసిన స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ నిర్యె 1969లో చెప్పిన ఒక చిన్న విషయం నాకు ఎన్ని నివేదికలు చదివినా మరపు రాదు. మామూలు మనిషి ఒకచోట నివసిస్తాడు, మరోచోట పని చేస్తాడు లేదా చదువుకుంటాడు, ఇంకోచోట సరదాగా గడుపుతాడు. వైకల్యం ఉన్నవారికి మాత్రం ఈ మూడూ ఒకే ప్రాంగణంలో, ఒకే గోడల మధ్య, ఒకే మనుషుల నడుమ జరుగుతాయి. అది ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత దయగా నడిచినా జీవితానికి ఉండాల్సిన లయ అక్కడ ఉండదు. రోజుకు, వారానికి, ఏడాదికి అందరికీ ఉండే లయ వీరికీ ఉండాలని ఆయన అడిగారు. ఇప్పుడు మీలో సంస్థలు నడిపేవారు ఒక లెక్క వేసుకోండి. మీ దగ్గర ఉన్న పిల్లలు ఒక వారంలో ఎన్ని వేర్వేరు కట్టడాల్లోకి అడుగుపెడుతున్నారు? జీతం తీసుకోకుండా వారితో మాట్లాడేవారు, సొంత కుటుంబం కాకుండా, ఎంతమంది?

ఈ లెక్క పెరగాలంటే ఒక్క సంస్థ వల్ల కాదు. ఉదాహరణకు అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఒక పెద్ద పిల్లల ఆసుపత్రి కథ చూడండి. అక్కడ అత్యవసర విభాగం నర్సింగ్ బాధ్యతలు చూసే ఎరిన్ రీల్‌కు ఒక తలనొప్పి ఉండేది. గదుల్లో వైద్య సామగ్రిని ఎప్పటికప్పుడు నింపే పనికి చేరినవారు నిలిచేవారు కారు. పని క్లిష్టమైనదే, కానీ ఒక క్రమంలో సాగేది. అలాంటి పనిని మనసుపెట్టి చేసేవారు మేధో వైకల్యం ఉన్న యువతలో ఉంటారు కదా అని ఆమె ఆలోచించింది. వృత్తివిద్యా సంస్థలో పనిచేసే సూజీ రట్‌కౌస్కీ ఆమెతో చేయి కలిపింది. 1996లో ప్రాజెక్ట్ సెర్చ్ అలా పుట్టింది. యువతీ యువకులు ఏడాదిపాటు సంస్థలోనే ఉండి, సుమారు పది వారాల చొప్పున మూడు వేర్వేరు విభాగాల్లో పని నేర్చుకుంటారు. ఉపాధ్యాయుడు కూడా అక్కడే ఉంటాడు. ఇవాళ అనేక దేశాల్లో ఈ పద్ధతి నడుస్తోంది.

ఇందులో ఎవరు ఎవరికి ఉపకారం చేశారో చెప్పండి. ఆసుపత్రికి మనిషి కావాలి. వృత్తివిద్యా సంస్థకు పిల్లలు పని నేర్చుకునే నిజమైన చోటు కావాలి. పునరావాస శాఖకు ఫలితం కావాలి. కుటుంబానికి ఉదయాన్నే ఇంట్లోంచి బయలుదేరే ఒక పెద్ద కొడుకు, ఒక పెద్ద కూతురు కావాలి. అందరికీ అక్కర ఉంది కాబట్టే ఆ ఒప్పందం నిలబడింది. ఏడాదికోసారి కంపెనీవాళ్లు కానుకలు తెచ్చి, ఫొటోలు దిగి వెళ్లడాన్ని నేను భాగస్వామ్యం అనలేను. అలా వచ్చేవారిని వెనక్కి పంపమని కాదు. “వచ్చే నెల మీ కార్యాలయంలో మా ఇద్దరు యువకులకు మూడు వారాలు పని చూపించండి” అని అడగండి. చాలామంది కాదనరు. ఇన్నాళ్లూ మనమే కానుకలు చాలనుకుని అడగలేదు.

పని నేర్పడంలో మా ప్రత్యేక ఉపాధ్యాయులకు తెలిసిన విద్య ఒకటుంది. చేతులు కడుక్కోవడం మీకు ఒక పని. మాకు అది పది పన్నెండు మెట్లు: కుళాయి తిప్పడం, తడపడం, సబ్బు తీసుకోవడం, రుద్దడం, ఇలా. ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో చూసి ఆ ఒక్కదాన్నే నేర్పుతాం. ఈ విద్యను మామూలు బడి ఉపాధ్యాయులకు, యజమానులకు, క్రీడా శిక్షకులకు పంచాలి. ప్రత్యేక పాఠశాలలు రేపే మూసేయాలని నేను అనను. అలా తొందరపడిన చోట పిల్లలు మామూలు తరగతుల్లో ఒంటరితనానికి, వేధింపులకు గురయ్యారు. అవి చూసి బిడ్డను వెనక్కి తెచ్చుకున్న తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు నాకు లేదు. సలమాంకా ప్రకటనలోనే ఒక దారి ఉంది. ప్రత్యేక పాఠశాలలు మామూలు బడులకు శిక్షణ కేంద్రాలుగా, వనరుల కేంద్రాలుగా పనిచేయవచ్చు. అంటే మన నైపుణ్యం గోడ దాటి వెళ్లాలి. తీవ్ర స్థాయి వైకల్యం ఉన్న బిడ్డకు ఇంకా ఎక్కువమంది చేతులు కావాలి, ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఖర్చును దాచి చేరిక గురించి మాట్లాడితే అది కుటుంబాల మీద బరువు మోపడమే.

తల్లిదండ్రులారా, మీతో ఒక కష్టమైన మాట. మీరు రాత్రిళ్లు నిద్రపట్టక వేసుకునే ప్రశ్న నాకు తెలుసు. మా తర్వాత ఎవరు? ఆ భయంతోనే బిడ్డను రెక్కల కింద దాచుకుంటారు. 1972లో రాబర్ట్ పర్స్కే అనే ఆయన ఈ పిల్లలకు ప్రమాదాన్ని ఎదుర్కొనే గౌరవం కూడా దక్కాలని రాశారు. ఒంటరిగా దుకాణానికి వెళ్లి చిల్లర తప్పు తెచ్చుకోవడం, ఒక స్టాపు ముందే బస్సు దిగిపోవడం, స్నేహితుడితో గొడవపడి ఏడుస్తూ ఇంటికి రావడం. మీ మిగతా పిల్లలు ఇవన్నీ చేసే పెద్దవాళ్లయ్యారు. మీ తర్వాత ఎవరన్న ప్రశ్నకు ఒక్క మనిషి పేరు జవాబుగా దొరకదు. తోబుట్టువు ఒక్కరి మీదే అంతా పెట్టకండి. బస్సు కండక్టరు, గ్రంథాలయంలో పనిచేసే ఆమె, జట్టులో ఆడే నలుగురు, పనిచోట పక్క బల్ల మనిషి, ఇంతమంది కలిస్తేనే జవాబు తయారవుతుంది. ఆ జవాబును మీరు ఉండగానే, బిడ్డ చిన్నగా ఉండగానే ఒక్కొక్క మనిషితో కూర్చుకోవాలి.

ఉపాధ్యాయులకు ఒకే ఒక్క పని చెబుతాను, రేపటి నుంచే చేయదగ్గది. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. ఈ పిల్లల్లో చాలామందికి మాట లోపల తయారవడానికి సమయం పడుతుంది. మనం మూడు లెక్కపెట్టేలోపే ప్రశ్నను మరోలా అడుగుతాం, అప్పుడు వాళ్లు మళ్లీ మొదటికి వెళ్లాలి. ఆ పది క్షణాల నిశ్శబ్దాన్ని తరగతి మొత్తానికీ అలవాటు చేయండి. పిల్లలు మనకంటే త్వరగా నేర్చుకుంటారు.

అరగంటగా వారి గురించి నేనే మాట్లాడుతున్నాను. ఇది కూడా సరికాదు. 1974లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో మేధో వైకల్యం ఉన్నవారే సొంతంగా సమావేశం జరుపుకుని, ముందుగా మమ్మల్ని మనుషులుగా చూడండని అడిగారు. పీపుల్ ఫస్ట్ ఉద్యమం అక్కడ మొదలైంది. నా ప్రసంగానికి ఇచ్చిన సమయంలో సగం నేను ఇంకొకరికి ఇస్తానని నిర్వాహకులతో ముందే చెప్పాను. ఇప్పుడు మాట్లాడబోయే ఆమె వయసు ఇరవై ఆరు. ఒక కార్యాలయంలో దస్త్రాల విభాగంలో నాలుగేళ్లుగా పని చేస్తున్నారు. తన ఉద్యోగం గురించి, తనకు నచ్చని విషయాల గురించి చెబుతారు. కాగితం మీద బొమ్మలతో తానే సిద్ధం చేసుకున్నారు. నేను ఒక్క మాటా దిద్దలేదు. మధ్యలో ఆమె ఆగుతారు. ఎవరూ ఆ వాక్యాన్ని పూర్తి చేయవద్దు, చప్పట్లతో నింపవద్దు. పది లెక్కపెట్టండి.

మైకును ఆమె ఎత్తుకు దించుతున్నాను. రండి, మీరు మాట్లాడండి.